వెనక డోరు రబ్బరు కోసం ఒక్కటయ్యాం: హెరాల్డ్ కార్ల సంఘం పెట్టిన నా అనుభవం

ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారున్న వాళ్లు నలుగురు కలిస్తే ఐదు గ్రూపులు పెడతారని ఆటోనగర్‌లో మా మేస్త్రి గారు ఎప్పుడూ అంటుంటారు. విజయవాడ గ్రూపు, గుంటూరు గ్రూపు, చెన్నై క్లబ్బు, ఈ మూడూ ఒక దారికి వచ్చి, సంఘం రిజిస్టరై, మొదటి విడత డోరు రబ్బర్లు (తలుపు అంచు చుట్టూ బిగించేవి) చేతికి అందేసరికి ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు ఫియట్ కార్ల వాళ్లు, అంబాసిడర్ వాళ్లు ఫోన్ చేసి "ఎలా చేశారండీ" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మమ్మల్ని కదిలించింది బుడమేరు వాగు వరద. 2024 సెప్టెంబరు 1 పొద్దున సింగ్‌నగర్‌లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు మా గ్రూపులో ఒక అన్నయ్య కుటుంబంతో సహా డాబా ఎక్కేశారు. ఆయన హెరాల్డ్ మార్క్ త్రీ కింద రేకుల షెడ్డులో ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిందని అందరూ టీవీల ముందు కూర్చుంటే, మేం మాత్రం ఆయన ఫోన్ కలుస్తుందా లేదా అని చూస్తున్నాం. వారం దాటాక ఆ వీధిలోకి వెళ్లగలిగాం. హెరాల్డ్ బానెట్ ముందు మడ్‌గార్డ్‌లతో సహా ముక్కు వైపుకి ఒక్క ముక్కగా లేస్తుంది కదా, ఆ రోజు అది లేవలేదు. బురద బరువుకి అతుక్కుపోయింది. ముగ్గురం కలిసి లేపాం.

ఇంజను గురించి ఎవరికీ పెద్ద దిగులు లేదు. 948 సీసీ ఇంజను, మొండిది. ఆయిలు దించేసి, సిలిండర్లలో డీజిలు పోసి నానబెట్టి, చేత్తో తిప్పి, నెల తిరిగేసరికి మేస్త్రి గారు స్టార్ట్ చేశారు. పోయింది ట్రంకు పెట్టె. అందులో పార్ట్స్ కేటలాగు, వర్క్‌షాప్ మాన్యువల్, కంపెనీ డీలర్లకి పంపిన సర్వీసు కాగితాలు ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఆయన కూడబెట్టినవి. పేజీలన్నీ కలిసి ఇటుకలా గట్టిపడ్డాయి. కారు చూసి నోరెత్తని మనిషి ఆ కట్ట పట్టుకుని గోడవైపు తిరిగారు.

కాగితాలకి అంత బాధ ఎందుకు అని మా ఇంట్లో కూడా అడిగారు. పార్టు నంబరు కేటలాగులో ఉంటుంది. హెరాల్డ్ ఇంగ్లండులో ట్రయంఫ్ పేరు మీద 1959 నుంచి 1971 దాకా తయారైంది, లక్షల్లో. ఇంజను, బ్రేకు, గేరుబాక్సు సామాన్లు చాలావరకు అక్కడ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. నంబరు పంపితే కొరియర్లో వస్తాయి. చిక్కంతా మన నాలుగు డోర్ల మార్క్ త్రీతోనే. అది ఇంగ్లండులో లేనే లేదు, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు మన దేశానికని చేసుకున్నది. తర్వాత వచ్చిన గజెల్ కారు కూడా దాని మీద కట్టిందే. కాబట్టి వెనక డోరు, దాని రబ్బరు, దాని లాకు ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు. ఇంగ్లండులో స్టాండర్డ్ అనే పేరు మీద కార్లు 1963లోనే ఆగిపోయాయి, ఆ పేరు మరో పాతికేళ్లు బతికింది మద్రాసులోనే. రోవర్ బాడీలో పాత ఇంజను పెట్టి 1985లో తెచ్చిన స్టాండర్డ్ 2000 కంపెనీని ముంచింది. 1988కి ఫ్యాక్టరీ మూతపడింది. అడగడానికి కంపెనీ లేదు, పార్టుల కోసం చూడటానికి మరో దేశం లేదు. ఉన్నదల్లా మన ఇళ్లల్లో అటకల మీద ఉన్నదే.

దసరా వెళ్లాక ఒక ఆదివారం మొదటి మీటింగు పెట్టుకున్నాం. గుంటూరు వాళ్లు విజయవాడ రారు, విజయవాడ వాళ్లు గుంటూరు పోరు కాబట్టి మంగళగిరిలో ఒక హోటల్ పై అంతస్తు తీసుకున్నాం. చెన్నై నుంచి ఒకాయన ముందు రోజు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి రాత్రికి మా ఇంట్లోనే పడుకున్నారు. పాపం ఆయన ఏదో అనుకుని వచ్చారు. మూడు గంటల పాటు జరిగిన చర్చ ఏమిటంటే: సంఘానికి పేరేంటి, ప్రెసిడెంటు ఎవరు, ర్యాలీలో ముందు ఎవరి కారు నిలబడాలి. ఎప్పుడో ఒక ప్రదర్శనలో గుంటూరు వాళ్ల కారు వెనక వరసలో పెట్టించారట. ఆ సంగతి ఇంకా మర్చిపోలేదు. మధ్యలో ఒకాయన లేచి, "మీవాడు నాకు క్రోము బీడింగు పదిహేను వేలకి అంటగట్టాడు, అది నాలుగు వేలు చెయ్యదు" అన్నారు. ఎవరా మీవాడు అని అవతలి వాళ్లు లేచారు. భోజనాలు బాగున్నాయి. వెనక డోరు రబ్బరు మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

రాత్రి స్టేషన్‌లో ఎక్కిస్తుంటే చెన్నై ఆయన ఒక్క మాట అన్నారు, "ముందు లిస్టు రాయించండి, పేరు తర్వాత". మంచి సలహా.

నవంబరులో రెండో మీటింగు ఆటోనగర్‌లో ఒక స్నేహితుడి షెడ్డులో పెట్టాం. ఆదివారం కాబట్టి చుట్టూ సందడి లేదు. షరతు ఒక్కటే: ఎవరి దగ్గర ఏ స్పేర్లు ఉన్నాయో కాగితం మీద రాసుకురావాలి. వచ్చిన కాగితాలు చూస్తే నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లుగా పోగేస్తున్న మనుషులు, "రెండు స్పార్కు ప్లగ్గులు, ఒక అద్దం" అని రాశారు. దాచుకోవడం తప్పని నేననను. ఒకసారి చెయ్యి జారితే మళ్లీ దొరకదన్న భయం నాకూ ఉంది.

అక్కడ మేస్త్రి గారు పనికొచ్చినట్టు ఇంకెవరూ పనికిరాలేదు. డెబ్బై దాటిన మనిషి, కుర్రతనంలో హెరాల్డ్‌ల మీదే పని నేర్చుకున్నారు. స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ లిస్టులు చదివించుకుని, ఒక్కొక్కరి వంకా చూసి మొదలుపెట్టారు.

"ఏం బాబూ, తొంభై ఆరులో నా దగ్గర వెనక అద్దాలు రెండు పట్టుకెళ్లావు, ఒకటి బిగించాం. రెండోదేది?"

"ఉంది మేస్త్రీ... అటక మీద ఉండాలి."

"రాయి మరి. నువ్వేందయ్యా, ఏలూరు రోడ్డు బండి విప్పేసినప్పుడు నాలుగు డోర్లూ ఎత్తుకుపోయింది నువ్వు కాదూ?"

ఆయనకి అన్నీ గుర్తే. ఎందుకుండవు, ఆ సామాను సగం ఆయన చేతుల మీదుగా పోయిందే. గంటలో లిస్టులు మూడింతలయ్యాయి. గుంటూరు, విజయవాడ తేడా లేకుండా అందరూ దొరికిపోయారు. దాంతో ఎవరికీ ఎవరి మీదా కోపం మిగల్లేదు.

అదే రోజు ఒక ఒప్పందం రాసుకున్నాం. సామాను ఎవరిది వాళ్లదే, వాళ్లింట్లోనే ఉంటుంది. సంఘం దగ్గర రిజిస్టరు మాత్రమే ఉంటుంది. అమ్మదలిస్తే ముందు సభ్యులకి చెప్పాలి. వాట్సాప్‌లో వేలం పాట పెట్టకూడదు. ఒక్కటే ముక్క మిగిలి ఉంటే, అమ్మేముందు కొలతలకీ అచ్చుకీ సంఘానికి కొన్నాళ్లు ఇవ్వాలి. ఈ చివరి షరతు లేకపోతే మిగతావన్నీ ఉత్తుత్తివే. ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్లు ఇంకేం చేసినా చెయ్యకపోయినా ఈ ఒక్కటి రాసుకోండి.

ఇక రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు ఉండాలి, మెమొరాండం, బైలాస్ ఇవ్వాలి. మేం తొమ్మిది మందిని పెట్టాం, ఎవరైనా అలిగితే ఇబ్బంది లేకుండా. ప్రెసిడెంటు గుంటూరు పెద్దాయన, సెక్రటరీ నేను. ట్రెజరర్‌గా పటమటలో ఉండే ఒక అక్క. ఆవిడ బ్యాంకులో చేసి రిటైరయ్యారు, కారు వాళ్లాయనది. చెన్నై వాళ్లు వాళ్ల క్లబ్బుగానే ఉంటూ మాతో ఒప్పంద పత్రం రాసుకున్నారు. అందర్నీ ఒకే సంఘంలో కలిపేయాలని పట్టుబట్టి ఉంటే ఇప్పటికీ బైలాస్ రాస్తూ ఉండేవాళ్లం.

డిసెంబరు మొదట్లో కాగితాలు ఇచ్చాం. చిరునామాకి ముందు ఆటోనగర్ షెడ్డు అనుకున్నాం కానీ, అది లీజు స్థలం, ఓనరు సంతకం కోసం తిరగడం తలనొప్పి. చివరికి అక్క వాళ్ల ఇల్లే చూపించాం. ఆధార్‌లో ఒకరికి ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్ కార్డులో పొట్టి అక్షరం ఉంది, అది సరిచేయించడానికే చాలా రోజులు పోయాయి. తర్వాత ఉద్దేశాల్లో "వాహన భాగాల కొనుగోలు, అమ్మకం" అని రాశామని కాగితాలు వెనక్కొచ్చాయి. వ్యాపారంలా కనిపిస్తోందట. "సేకరణ, భద్రపరచడం, సభ్యులకు అందజేయడం" అని మార్చాం. సంక్రాంతి సెలవులు పోగా ఫిబ్రవరిలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. చలానాలు, నోటరీ, జిరాక్సులు, వకీలు గారి ఫీజు అన్నీ కలిపి పదకొండు వేల దాకా అయింది, అందులో ఎక్కువ వకీలు గారికే.

బ్యాంకు ఖాతా మాత్రం అంతకంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఒక బ్రాంచిలో కౌంటరు అబ్బాయి "మీ సొసైటీ ఏం చేస్తుంది సార్" అన్నాడు. "పాత కార్లని కాపాడుతుంది" అన్నాను. "అంటే కార్ లోన్లా సార్?" అన్నాడు. అక్క పక్కన లేకపోతే నేను లేచి వచ్చేసేవాణ్ణే. ఖాతా తెరవడానికి రెండు నెలలు దాటింది. ఈలోగా డబ్బులు నా ఫోన్‌పేకి వేయించుకుందామని నేనంటే అక్క ససేమిరా అన్నారు. "ఒక్క రూపాయి నీ సొంత ఖాతాలో పడినా రేపు నువ్వు దొంగవి అవుతావు తమ్ముడూ" అన్నారు. ఖాతా వచ్చేదాకా ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. రబ్బరు పని రెండు నెలలు ఆలస్యమైంది, కానీ లెక్కల మీద ఇప్పటిదాకా ఒక్క గొడవ లేదు.

స్కానింగు వేసవిలో చేశాం. సింగ్‌నగర్ కేటలాగు పోయాక మిగిలిన వాటిలో పూర్తిగా ఉన్నది గుంటూరు బ్రాడీపేటలో ప్రెసిడెంటు గారి దగ్గరే. అది గడప దాటకూడదన్నారు. జిరాక్సు షాపుకి ఇవ్వరు, రాత్రికి మా ఇంటికి ఇవ్వరు. సరే, పద్నాలుగు వేలు పెట్టి పైనుంచి ఫోటో తీసే స్టాండు స్కానరు కొని, మేమే వాళ్లింటికి వెళ్లాం. పేజీలు ఎగురుతాయని ఫ్యాన్ ఆపమన్నారు. రోహిణి కార్తెలో, గుంటూరులో, ఫ్యాన్ లేకుండా! పేజీ తిప్పేది ఆయనే. ప్రతిసారీ తువ్వాలుతో వేళ్లు తుడుచుకుని, మూల పట్టుకుని మెల్లగా తిప్పేవారు. చెమట చుక్క కాగితం మీద పడుతుందని నన్ను నాలుగడుగులు దూరంగా నిలబెట్టారు. గంటకోసారి మజ్జిగ వచ్చేది. ఆ ఇంట్లో అత్తయ్య గారి పుణ్యమా అని నేను బతికి బట్టకట్టాను.

కలర్‌లోనే స్కాన్ చేయాలని అక్కడే తెలిసింది. ముందు ఫైలు సైజు తగ్గుతుందని బ్లాక్ అండ్ వైట్ అనుకున్నాం. కానీ మార్జిన్లలో పెన్సిలుతో, ఎర్ర సిరాతో రాతలున్నాయి: "ఇది రాదు, ఫియట్‌ది లేత్ పట్టించి వేశాం", "బోల్టు పొడుగు ఎక్కువ, వాషర్ వెయ్యాలి". అవి పెద్దాయన నాన్నగారి రోజుల్లో ఇంటికొచ్చే మెకానిక్ రాసినవట. కంపెనీ అచ్చువేసినవి ఇంకెక్కడైనా ఇంకో కాపీ ఉండొచ్చు, ఈ రాతలకి రెండో కాపీ లేదు. ఇప్పుడు స్కాన్‌లు మూడు ఊళ్లలో మూడు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. బుడమేరు, కృష్ణ రెండూ కలిసి వచ్చినా చెన్నై కాపీ ఉంటుంది.

దీనితోపాటు కార్ల రిజిస్టరు కూడా మొదలుపెట్టాం. ఇంగ్లండులో తయారైన కార్లయితే గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్టు పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి, ఫీజు తీసుకుని సర్టిఫికెట్ ఇస్తుంది. మద్రాసు కార్లకి అలాంటి చోటు మాకు దొరకలేదు. అందుకని ఆర్టీఓ ఆఫీసులో చేసినట్టే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకున్నాం. తాళాలేసి ఉన్న షెడ్లలో, తాటాకు పందిళ్ల కింద, ఒకచోట మిరపకాయ బస్తాల వెనక, ఎక్కడ ఉన్నాయంటే అక్కడికి వెళ్లాం. అరవై చిల్లర కార్లు ఎక్కాయి. అందులో నడిచేవి సగం కూడా లేవు.

మేస్త్రి గారి దగ్గరున్నది స్కానరుకి అందదు కాబట్టి ఆయన పని చేస్తుంటే వీడియో తీశాం. మొదటిది ట్రనియన్ల మీదే. హెరాల్డ్ ముందు చక్రం దగ్గర నిలువు లింకు కింది చివర మర ఉంటుంది, అది ట్రనియన్ అనే ఇత్తడి ముక్కలో తిరుగుతూ ఉంటుంది. దానికి వెయ్యాల్సింది గ్రీజు కాదు, గేరాయిలు, ఇ.పి. 90. నిప్పిల్ కనిపించగానే ఇప్పటి కుర్రాళ్లు గ్రీజు గన్ను పెట్టి కొట్టేస్తారు. గ్రీజు మర చివరిదాకా పోదు, లోపల నీరు నిలిచి తుప్పు పడుతుంది, ఒకరోజు మలుపులో లింకు పుటుక్కున విరిగి చక్రం పక్కకి వాలిపోతుంది. మేస్త్రి గారు గన్ను కడిగి, ఆయిలు నింపి, రెండో వైపు నుంచి బొట్లు కారేదాకా కొట్టారు. తర్వాత స్టీరింగ్ నా చేతికిచ్చి "తిప్పు" అన్నారు. ఒక వేలితో తిరిగింది. ఆ రోజు వచ్చిన బళ్లన్నిటికీ వరసగా అదే చేశాం. సాయంత్రానికి అందరి చొక్కాలూ ఆయిలే. మూడు గ్రూపులు నిజంగా కలిసింది ఆ రోజే అనుకుంటాను. ర్యాలీలో వరస గొడవ మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రబ్బరు జూన్‌లో మొదలైంది. సింగ్‌నగర్ అన్నయ్య అటక మీద, నీళ్లకి అందకుండా ఉన్న ఒక వాడని వెనక డోరు రబ్బరే మాకు నమూనా. దాన్ని అడ్డంగా కోస్తేనే డై (రబ్బరుని ఆ ఆకారంలో తీసే అచ్చు) చేయడానికి ఆకారం తెలుస్తుంది. ఆయన కోయనిచ్చారు, కానీ చూడలేక బయటికి వెళ్లి నిలబడ్డారు. డైకి పన్నెండు వేలు. రబ్బరు చేసేవాళ్లు తక్కువ మీటర్లయితే చేయలేమన్నారు, కనీస ఆర్డరు మాకు కావలసిన దానికి రెట్టింపు ఉంది. మూడు గ్రూపులు కలవడం వల్లే ఆ ఆర్డరు ఇవ్వగలిగాం. ఒక్క ఊరి వాళ్లయితే అక్కడే ఆగిపోయేవాళ్లం.

మూడు వారాలకి మొదటి శాంపిల్ వచ్చింది. ఆకారం అచ్చు గుద్దినట్టు ఉంది. బిగిస్తే డోరు పడలేదు, భుజంతో నెట్టాల్సి వచ్చింది. రబ్బరు గట్టిదనం ఎక్కువైంది. పాతది యాభై ఏళ్లకి గట్టిపడి ఉంటుంది కదా, దాన్ని కొలిచి అదే గట్టిదనంతో చేసేశారు. ఈ సంగతి ముందు ఎవరికీ తట్టలేదు. మెత్తటిది చేయించి, మళ్లీ బిగించి, డోరు తీసి వేసి చూసి, అక్టోబరులో సరుకు తీసుకున్నాం. కారుకి వెనక రెండు డోర్లకీ కలిపి రెండు వేల ఎనిమిది వందలు పడింది. డై సంఘం పేరు మీదే ఉంది, బిల్లుతో సహా.

చాలామంది అడిగే ఇంకో విషయం వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన, మార్పులు చేయని బండికి ఇరవై వేలు కడితే వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది. ఇంజను మార్చేసిన బళ్లకి ఈ దారి లేదు. అయితే ఆ నంబరు వచ్చాక ప్రదర్శనకి, వింటేజ్ ర్యాలీకి, రిపేరుకి, పెట్రోలుకి తప్ప రోడ్డు మీద మామూలుగా తిప్పకూడదు. మా వాళ్లలో కొందరు అటే మొగ్గారు. నేను మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకున్నాను. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారుకి ఆ ఫీజే పది వేలు అయింది, చురుక్కుమంది. అయినా మా నాన్న ఈ బండిలో కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లి కూరలు తెచ్చేవారు. పాతికడుగుల్లో గిర్రున తిరిగే బండి, వన్‌టౌన్ సందుల్లో తిప్పకపోతే ఇంకెందుకు?

తర్వాతి పని వెనక డోరు లాకు. ఉన్నవన్నీ అరిగిపోయినవే కాబట్టి కొలతలకి పనికిరావు. తెనాలిలో ఒకాయన దగ్గర డబ్బా కూడా విప్పని జత ఉందని మేస్త్రి గారే ఆరా తీశారు. ఆయన మా సభ్యుడు కాదు. అమ్మనన్నారు, అరువివ్వనన్నారు, ఇంటికొచ్చి కొలుచుకుంటే అభ్యంతరం లేదన్నారు. ఉగాది వెళ్లాక రమ్మన్నారు. కొలతలు తీసే డిజిటల్ వెర్నియర్ కొన్నాం, పద్దెనిమిది వందలు. అక్క బిల్లు అడిగి తీసుకున్నారు.